పంచమ శబ్దము – ఆది శబ్దము: 1917 బెజవాడ సభాధ్యక్షోపన్యాస విమర్శ

1

కృష్ణామండలమున మొవ్వకు చేరువనున్న కూచిపూడి అగ్రహారమునకు నాట్యము కులవిద్య. ఆ విద్యకు శాస్త్రమిచ్చిన బిరుదము పంచమవేదము. శూద్రులకు వేదశ్రవణాధికారము లేనందున, సర్వవర్ణములకును చెందదగిన ఐదవ వేదమును సృజింపుమని దేవతలు బ్రహ్మను ప్రార్థించిరనియు, ఆయన నాలుగు వేదములనుండి పాఠ్య గీత అభినయ రసములను గైకొని నాట్యమును నిర్మించెననియు నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయము చెప్పుచున్నది. సంగీతశాస్త్రమునను పంచమమునకు గౌరవమే గలదు. షడ్జముతోపాటు అది వికృతి లేని స్వరము.

ఆ శబ్దమే ఆ మండలమున మఱియొక యర్థమునను వ్యవహరింపబడెను. ఊరికి వెలుపలి వాడలలో నివసించు మాల మాదిగలను గడచిన శతాబ్ది తొలి దశకములలో ప్రభుత్వపు కాగితములును, పాఠశాలల పట్టికలును పంచములని పేర్కొనెడివి. ఒకచోట అది అందఱను లోనికి పిలుచు పేరు. వేఱొకచోట కొందఱను వెలుపల నిలుపు పేరు. శబ్దమొక్కటియే, దాని బ్రతుకులు రెండు.

1917 నవంబరు నెలలో బెజవాడయందు జరిగిన ఆంధ్రదేశ పంచమ మహాసభకు అధ్యక్షత వహించిన హైదరాబాదువాసి భాగ్యరెడ్డివర్మగారు ఈ రెండవ వ్యవహారమును వేదికమీదనే త్రోసిపుచ్చిరి. సభ ముగియునప్పటికి దాని పేరు ఆది ఆంధ్ర మహాసభ యయ్యెను. ఆంధ్రదేశమున పౌరహక్కుల పోరాటమునకు ప్రేరకములైన ప్రసంగములలో దీనికి ముఖ్యస్థానమున్నదని చరిత్రకారులు గుర్తించియే యున్నారు. అయినను సాహిత్యవిమర్శకులు దీనిని తమ పరిధిలోని వస్తువుగా భావించినట్లు కనబడదు. ఉపన్యాసము కావ్యము కాదను సంకోచము దీనికి కారణము కావచ్చును. ప్రసంగము వాఙ్మయమే యైనచో, దాని శక్తి యెచ్చట నున్నదో నిరూపించుట వాఙ్మయవిమర్శకుని పనియే యగును. ఆ పనిని ఈ వ్యాసమున కొంతవఱకు చేయ దలచితిమి.

మా ప్రతిపాదన సంగ్రహముగా నిది. ప్రసంగము ఉద్యమమునకు ప్రేరకమగుట భావావేశమువలన మాత్రమే కాదు. సభ ముగిసి యింటికి పోవు శ్రోత నోట, మఱునాడు బడిపంతులు ఎదుటను, కరణము ఎదుటను, జనాభా గణకుని ఎదుటను తాను పలుకదగిన యొక మాటను నిలుపగలిగినప్పుడే అది పోరాటమునకు బీజమగును. 1917 నాటి ప్రసంగము అట్టి మాటను నిలిపినది. దీనిని నిరూపించుటకు అదే డెల్టాప్రాంతమున వినబడిన మఱి రెండు వాక్కులతో దానిని పోల్చి చూతుము.

2

మొదటిది కూచిపూడివారి గొల్లకలాపము. 19వ శతాబ్దికి చెందిన భాగవతుల రామయ్యగారి రచనగా ఇది ప్రసిద్ధము. చల్లలమ్ము గొల్లభామ యొకతె బ్రాహ్మణునితో వాదమునకు దిగును. బ్రాహ్మణ్యమనగా నేమి? అది పుట్టుకవలన వచ్చునా, జ్ఞానమువలన వచ్చునా? అందఱి పిండోత్పత్తియు నొక్కతీరుననే జరుగునపుడు భేదమెక్కడ పుట్టినది? ఇట్టి ప్రశ్నలను ఆమె సంధించును. తర్కమునందు ఆమెదే పైచేయి. కులాధిక్యమును నిలదీయు వాదము ఇంత నిశితముగా, ఇంత హాస్యసంపన్నముగా మన యక్షగాన కలాప వాఙ్మయమున మఱియొకచోట కానరాదన్నను అతిశయోక్తి గాదు.

మఱి ఈ వాదము విని ఏ ఊరనైనను ఎవరైనను బావి కడకు పోయి చేద వేసిరా? వేయలేదు. దీనికి కారణము రచనాలోపము కాదు. వక్తృస్థానమును పరిశీలించినచో కారణము తెలియును. కూచిపూడి సంప్రదాయమున స్త్రీవేషములను ధరించినవారు భాగవతులైన బ్రాహ్మణపురుషులే. గొల్లభామయు బ్రాహ్మణుడే, ఆమెతో వాదించువాడును బ్రాహ్మణుడే. వాదము ఆ కుటుంబములయందే పుట్టి, ఆ కుటుంబములవారి నోటనే పలికి, ప్రేక్షకుల మెప్పును పొంది, మంగళముతో ముగిసినది. వేషము తీసిన పిమ్మట ఆ మాటలకు సొంతదారు లేడు. వానిని తనవిగా చేసికొని మఱునాడు వీథిలో పలుకదగిన గొల్లభామ ప్రేక్షకులలో నుండినను, ఆమెకు లభించినది వినోదమేకాని అధికారము కాదు.

ఇది గొల్లకలాపమునకు న్యూనత యని మేము చెప్పుట లేదు. కావ్యప్రయోజనమును వివరించుచు మమ్మటుడు చెప్పిన విభాగమును పాఠకులు ఎఱుగుదురు: వేదము ప్రభుసమ్మితము, పురాణము మిత్రసమ్మితము, కావ్యము కాంతాసమ్మితము. గొల్లకలాపము మూడవ తెగకు చెందినది. నవ్వించి, మఱపించి, మెల్లగా తెలుపును. అయితే ఈ మూడు విధములందును వినువాడు ఆజ్ఞ నందుకొనువాడో, హితము నందుకొనువాడో, ఆనందము నందుకొనువాడో యగుచున్నాడు. తనకు రావలసినది తాను అడుగువాని వాక్కునకు ఈ విభాగమున చోటు లేదు. ఆజ్ఞాపింపక, బుజ్జగింపక, రంజింపజేయక, ఇది మాది యని పలుకు వాక్కు నాలుగవది. దానిని స్వత్వవాక్కని పిలుతము.

3

రెండవ వాక్కు బిపిన్ చంద్రపాల్ గారిది. 1907 ఏప్రిలు నెలలో ఆయన ఆంధ్రదేశమున పర్యటించుచు బందరునకు గూడ వచ్చెను. కృష్ణాపత్రికకు సంపాదకులై ఖ్యాతిగాంచిన ముట్నూరి కృష్ణారావుగారు ఆ పర్యటనమున ఆయనకు తోడుగా నిలిచిరి. రాజమహేంద్రవరమున ఆయన ఆంగ్లోపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు తెనుగున వినిపించిరి. ఆ వేదికమీదనే వారు ఆశువుగా చెప్పిన పద్యము తెనుగునాట నేటికిని అందఱి నోట నున్నది. ఆ ఉపన్యాసముల ప్రభావమున రాజమహేంద్రవరపు విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించిరి, కళాశాలనుండి బహిష్కృతులైరి. బందరున కోపల్లె హనుమంతరావుగారు మొదలైనవారి కృషిచే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది.

ఇచ్చట వాక్కునకు ఫలము గలదు, అదియు చిన్నది కాదు. ఆ ఫలమునకు మూలమైన శబ్దవ్యాపారము వ్యంజన. దేశము మాతృమూర్తిగా ధ్వనించినది. శ్రోతలలో వీరరసోద్బోధము కలిగినది. వందేమాతరమను ఒక మాటయు వారి నోట నిలిచినది. కనుక మా ప్రతిపాదనకు ఇదియు కొంత సాక్ష్యమిచ్చుచున్నది. అయితే ఆ మాటను పలుకగలిగినవారెవరు? ఆంగ్లము నేర్చిన పట్టణవాసులు, కళాశాల విద్యార్థులు, న్యాయవాదులు. తెల్లదొరను ప్రశ్నించుటకు ఆ మాట ఆయుధమయ్యెను. ఊరి మంచినీళ్ల చెరువుగట్టుమీద నిలిపివేయబడినవానికి ఆ మాట వలన ఏమి చెప్పవలెనో తెలియలేదు. తల్లి యొక్కతెయే యన్నప్పుడు, ఆ తల్లి యింటిలో తనకు చోటెక్కడ నను ప్రశ్న మిగిలియే యుండెను.

కృష్ణాడెల్టాలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన తీక్ష్ణత గలదు. బెజవాడకడ కృష్ణానదిపై ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. నాటినుండి కాలువనీరు గుడివాడ, బందరు, దివిసీమల పొలములకు పాఱినది. ఆ పొలములలో నాట్లు వేసినవారును, కోతలు కోసినవారును అధికముగా వాడలవారు. నదీజలము పొలమునకు వచ్చునపుడు కులమడుగలేదు. ఆ నీరే ఊరి చెరువులో నిండిన పిమ్మట కులమడిగెను.

4

ఇక మూడవ వాక్కు. బెజవాడ సభకు ప్రధాన నిర్వాహకులు గుడివాడకు చెందిన గూడూరు రామచంద్రరావుగారు. వారు సవర్ణులలోని సంస్కర్తలు. గుడివాడయందు సేవాశ్రమమును నెలకొల్పి, వాడల బిడ్డల విద్యకొఱకు పాటుపడినవారు. సభకు పంచమ మహాసభ యని పేరిడుటలో వారికి చులకనభావ మేమియు లేదు. నాటి సభ్యవ్యవహారమున అదియే మర్యాదగల మాట. ఇతర నామములు తిట్లుగా మాఱియుండగా, సంస్కృతజన్యమైన ఈ సంఖ్యావాచకము దోషరహితమని సంస్కర్తలు తలచిరి.

అధ్యక్షులుగా ఆహూతులైన భాగ్యరెడ్డివర్మగారు 1888లో హైదరాబాదున మాలకులమున జన్మించిరి. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిరి. హరికథలు, భజనలు, ఉపన్యాసముల మూలమున ఆ మండలి వాడలలో ప్రచారము చేసెను. 1911లో అది మాన్యసంఘమైనది. అనగా బెజవాడ వేదిక నెక్కునప్పటికి ఆయనకు పదునొకండేండ్ల వాచికాభ్యాసము గలదు. అది పండితసభలలో కాక, రాత్రివేళ వాడలలో దీపముచుట్టు కూర్చున్న జనుల నడుమ సాగిన అభ్యాసము. ఎచ్చట ఆపవలెనో, ఏ మాటను పదేపదే పలుకవలెనో హరికథకునకు తెలిసినంతగా మఱియొకరికి తెలియదు. ప్రసంగశక్తిని వక్తయొక్క ఆవేశముగా మాత్రమే గణించువారు ఈ పూర్వరంగమును మఱవరాదు.

ఆ వేదికమీద ఆయన ప్రతిపాదించిన విషయము రెండంశములు గలది. పంచమ శబ్దము పురాణములందుగాని ఇతర హిందూధర్మగ్రంథములందుగాని కానరాదనునది మొదటిది. పంచములని పిలువబడువారు ఈ నేలకు ఆదివాసులు, ఒకప్పుడు దానిని ఏలినవారు అనునది రెండవది. ఈ రెండింటి ఫలముగా ఆ పేరు త్యజింపబడెను. ఆది ఆంధ్ర నామము గ్రహింపబడెను.

ఈ ఘట్టమున నాటకీయత యెంత యున్నదో గమనింపదగును. అతిథియై వచ్చినవాడు తన్ను పిలిచిన సభయొక్క పేరునే అంగీకరింపలేదు. మేలుకోరి పిలిచిన ఆతిథేయునకు ఇది కష్టము కలిగించు విషయమే కావచ్చును. కాని సభ ఆ మార్పును గైకొన్నది. ఉపకారమునకును హక్కునకును గల భేదము ఆనాడు ఆ వేదికమీద ప్రత్యక్షమైనది. ఉపకారమును పొందువాడు ఉపకారి యిచ్చిన పేరుతోనే దానిని అందుకొనును. హక్కును అడుగువాడు మొదట తన పేరును తాను చెప్పుకొనును.

5

ఇక శబ్దవిచారము. మన ఆలంకారికులు అభిధ, లక్షణ, వ్యంజన యను మూడు శబ్దవ్యాపారములను చెప్పి, వ్యంజనకు పట్టము గట్టిరి. అభిధ అందఱకును తెలిసిన సాధారణవ్యాపారమని దానిని దాటిపోవుట పరిపాటి. కాని అభిధకు మూలము సంకేతము. ఈ శబ్దమునకు ఇది యర్థమను ఒప్పందము. ఆ ఒప్పందము నెవరు చేసిరి? కావ్యములోకమున ఈ ప్రశ్న పుట్టదు. సంఘమున అది పుట్టినచోటనే పోరాటము పుట్టును. బెజవాడ ప్రసంగము ధ్వనికావ్యము వంటిది కాదు. అది సంకేతమును మార్చిన వాక్కు, అభిధాస్థానముననే జరిగిన తిరుగుబాటు.

పంచమ శబ్దము పూరణార్థకము. ఐదింటిని పూరించునది యని యర్థము. పూరణార్థకశబ్దమునకు స్వతంత్రస్థితి లేదు. ముందు నాలుగు లేనిదే ఐదవది లేదు. కావున ఆ పేరును స్వీకరించినవాడు తనకు ముందు నలుగురున్నారనియు, తాను వారి తరువాతివాడననియు పేరులోనే ఒప్పుకొనుచున్నాడు. మనుస్మృతియందు వర్ణములు నాలుగే, ఐదవది లేదని స్పష్టముగా నున్నది. లేని వర్ణమునకు పేరేల? శాస్త్రము లేదన్న చోటును లోకవ్యవహారము సృష్టించి, దానిలో లక్షలాది జనులను నిలిపినది. అధ్యక్షుల మొదటి అంశము ఈ వైరుధ్యమునే తాకుచున్నది. శాస్త్రమును ధిక్కరింపకయే, శాస్త్రమున లేని పేరును మాకేల పెట్టితిరని అడుగుట ప్రతివాదికి సమాధానము దొరకని ప్రశ్న.

దానికి బదులు వచ్చిన ఆది శబ్దమును చూడుడు. ఇదియు క్రమవాచకమే. క్రమమును నిరాకరింపలేదు, దాని కొనను మాత్రము మార్చినది. ఐదవవాడు మొదటివాడయ్యెను. నిరక్షరుడైన శ్రోతకు గూడ ఒక్క క్షణమున బోధపడు తర్కమిది. దీర్ఘవ్యాఖ్యానము అక్కఱలేదు. ఇంటికి మోసికొనిపోవుటకు తేలిక.

రెండవ పదమగు ఆంధ్ర శబ్దముయొక్క బలము కాలమునుండి వచ్చినది. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. ప్రత్యేక రాష్ట్రవాంఛతో ఆంధ్ర శబ్దము తెనుగునాట నెల్లెడల మాఱుమ్రోగుచుండెను. 1917 ఆగస్టులో మాంటేగు ప్రకటన వెలువడినది. రాబోవు శాసనసభలలో ఎవరికెంత చోటను చర్చ దేశమంతట బయలుదేఱినది. అట్టి తఱిని ఆది ఆంధ్రులమని యనుట, ఆంధ్రులమని చెప్పికొనువారందఱను ఒక ప్రశ్న యడుగుటయే: మీరు కోరు ఆంధ్రరాష్ట్రమున మొదటి ఆంధ్రుని స్థానమేది? పేరే ప్రశ్నయైన తావు ఇది.

ఇందొక వ్యాకరణాంశమును గూడ మనవి చేయుదుము. ఆది, ఆంధ్ర యను రెండు తత్సమపదములకు సమాసమున యణాదేశసంధి నిత్యము. ఆద్యాంధ్ర యని కావలెను. వ్యవహారమున ఎవ్వరును అట్లనలేదు. ఆది ఆంధ్ర యని రెండు పదములను విడివిడిగ నిలిపియే పలికిరి, వ్రాసిరి. దీనిని అజ్ఞానమని త్రోసివేయరాదు. సంధి జరిగినచో ఆది శబ్దము చెవికి వినబడక పోవును. ఏ మాట వినబడుటకై సభ జరిగినదో ఆ మాటను మ్రింగివేయు సంధిని జనవ్యవహారము నిరాకరించినది. లక్ష్యమునుబట్టి లక్షణమనుట కిది చక్కని నిదర్శనము.

6

పురాణములకు ఫలశ్రుతి యుండును. ప్రసంగమునకు ఫలశ్రుతిని వక్త చెప్పడు, శ్రోతలు చెప్పుదురు. బెజవాడ సభానంతరము ఆది ఆంధ్ర మహాసభలు తెనుగునాట పలుచోట్ల జరిగినవి. బడులు, బావులు, స్థానికసంస్థలలో స్థానము, ఇవి వాని కోరికలు. 1922 మార్చిలో మద్రాసు ప్రభుత్వము పంచమాది నామములను విడిచి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర నామములను వ్యవహరింపవలెనని ఉత్తరువు చేసెను. 1931 జనాభా లెక్కలలో ఆది ఆంధ్ర నామమును ఇచ్చినవారు లక్షలలో నుండిరి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువున షెడ్యూల్డు కులముల పట్టికలో ఆ పేరు చేరినది. నేటికిని ఆంధ్రప్రదేశ్ పట్టికలో అకారాదిక్రమమున ముందు నిలుచునది ఆది ఆంధ్ర శబ్దమే. ఒక వేదికమీద పలికిన మాట ధ్రువపత్రములపై అక్షరమై నిలిచి నూఱేండ్లు దాటినది.

సాహిత్యమునందును దీని జాడ గలదు. 1921 ప్రాంతమున గరిమెళ్లవారి గీతము తెల్లదొరతనము వలదని దేశమును ఊపుచుండగా, రాజమహేంద్రవరమునకు చెందిన కుసుమ ధర్మన్నగారు నల్లదొరతనము మాకు వలదని దీటుగా పాడిరి. 1941లో వెలువడిన జాషువగారి గబ్బిలము కాళిదాసుని మేఘసందేశమును తలక్రిందులు చేసినది. అందు సందేశము పంపువాడు యక్షుడు కాడు, ఆలయప్రవేశము లేని అరుంధతీసుతుడు. గొల్లభామ వేషముతో పలికిన వాదము ఈ కవుల చేతిలో వేషము లేని గొంతును పొందినది. ఒక ప్రసంగమే వీనికంతకు కారణమని చెప్పము. స్వత్వవాక్కునకు అలవాటుపడిన శ్రోత యొకడు తెనుగుదేశమున ఏర్పడినాడనియు, అట్టి శ్రోత లేనిదే అట్టి కవి పుట్టడనియు మాత్రము చెప్పుదుము.

7

మా ప్రతిపాదనకు వచ్చు ఆక్షేపములను గూడ పరిశీలింపవలెను.

1922 ఉత్తరువు ప్రసంగఫలము కాదు, రాజకీయఫలమని యొక ఆక్షేపము. మద్రాసు శాసనసభలో ఎం. సి. రాజాగారి కృషియు, మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణలును, 1920లో ఏర్పడిన జస్టిసు మంత్రివర్గమును లేనిచో ఆ ఉత్తరువు వెలువడెడిది కాదని చెప్పవచ్చును. ఇది నిజమే. ప్రసంగము ఒంటరిగా ఏ కార్యమును సాధింపదు. కాని ఉత్తరువు వెలువడవలెనన్న దానిలో వ్రాయదగిన పేరొకటి ముందుగా జనుల నోట నుండవలెను. దానిని ప్రభుత్వము కల్పింపలేదు. జనులు కల్పించినదానిని ప్రభుత్వము నకలు చేసెను.

ఆదివాసిత్వవాదము చరిత్రదృష్టికి నిలుచునా యనునది రెండవ ఆక్షేపము. జాతులనుగూర్చి ఆనాడు ప్రచారమందుండిన సిద్ధాంతములపై అది కొంత ఆధారపడినది. ఆ సిద్ధాంతములలో పెక్కింటిని నేటి శాస్త్రజ్ఞులు అంగీకరింపరు. ప్రసంగబలమునకు మురిసి దాని చరిత్రాంశమును గూడ సిద్ధాంతముగా గ్రహించుట పరిశోధకునకు తగదు. అట్లని చరిత్రాంశము సందిగ్ధమైనంత మాత్రమున హక్కు సందిగ్ధము కాదు. చెరువునీరు త్రాగుటకు మనుష్యుడైన చాలును, మొదటివాడు కానక్కఱలేదు. బెజవాడ వాదమునందలి బలహీనత ఇది యని మేము భావింతుము. మనుష్యత్వముననే నిరూపింపదగిన హక్కును అది ప్రాచీనతచే నిరూపింప జూచినది.

మూడవది మఱింత తీవ్రమైనది. ఆ పేరు అందఱను ఒక్కటి చేసినదా? చేయలేదు. మాదిగలలో పెక్కండ్రు అరుంధతీయులను పేరును తమకై చేపట్టిరి. తమ పేరును తాము చెప్పుకొనవలెనను సూత్రమును బెజవాడ సభ నేర్పినది. ఆ సూత్రమే ఆ సభ యిచ్చిన పేరునకును వర్తించినది. దీనిని వైఫల్యమనుటకంటె సూత్రముయొక్క నిజాయితీకి పరీక్ష యనుట న్యాయము. 1932 తరువాత గాంధీమహాత్ముడు హరిజన శబ్దమును వ్యాపింపజేసెను. 1933 డిసెంబరులో కృష్ణామండలమునను ఆ ప్రచారార్థమై పర్యటించెను. ఆ శబ్దము ప్రేమతో నిచ్చినదే. ఇచ్చినదగుటయే దాని లోపము. కాలక్రమమున అది విడువబడి దళిత శబ్దము నిలిచినది.

8

దేశాంతర నిదర్శనములు ఈ సూత్రమును బలపఱచుచున్నవి. 1927 మార్చిలో మహాడ్ చవదార్ చెరువు నీటిని డాక్టరు అంబేడ్కరుగారు వేలమందితో కలసి త్రాగిరి. ఆ డిసెంబరులో మఱల సమావేశమైనప్పుడు ఆయన తమ సభను 1789 నాటి ఫ్రెంచి జాతీయసభతో పోల్చి ప్రసంగించిరి. నీటికొఱకు మాత్రమే రాలేదు, సమానత్వమును స్థాపించుటకు వచ్చితిమని ఆయన ప్రసంగతాత్పర్యము. చెరువు అనునది నీటిపేరు కాక హక్కుపేరయ్యెను.

1963 ఆగస్టు 28న వాషింగ్టను నగరమున లింకను స్మారకమందిరము ఎదుట సుమారు రెండున్నర లక్షల జనులకు మార్టిన్ లూథర్ కింగు చేసిన ప్రసంగము లోకప్రసిద్ధము. అందలి స్వప్నవర్ణనమును అందఱు తలచుకొందురు. మేము గమనింపగోరునది దాని పూర్వభాగము. అమెరికా రాజ్యస్థాపకులు తమ పత్రములలో వ్రాసిన సమానత్వవాగ్దానమును ఆయన చెల్లింపని హుండీతో పోల్చెను. దయను కోరలేదు, బాకీని అడిగెను. ఇది స్వత్వవాక్కు. ఆ ప్రసంగమునకు ముందు 1955-56లో మాంట్‌గొమరీ నగరపు నల్లజాతివారు ఏడాదికి పైగా బస్సులెక్కక నడచిరి. 1964లో పౌరహక్కుల శాసనము వచ్చినది. జగన్మిత్ర మండలి భజనలు బెజవాడ సభకు ఎట్టివో, మాంట్‌గొమరీ నడక వాషింగ్టను సభకు అట్టిది. ప్రసంగము పోరాటమును శూన్యమునుండి సృష్టింపదు. చెల్లాచెదరైన అనుభవమునకు పలుకదగిన మాట నిచ్చి, దానిని అడుగదగిన కోరికగా మార్చును.

మన దేశమున 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను నిషేధించినది. బావులు, చెరువులు, స్నానఘట్టములు అందఱివని 15వ అధికరణము పలికినది. అంతటితో కథ ముగిసినదని మురియరాదు. 1985 జూలైలో కారంచేడున మంచినీటి చెరువుకడ మొదలైన వివాదమున ఆరుగురు దళితులు ప్రాణములు గోల్పోయిరి. ఆ పిమ్మట చీరాల శిబిరమునుండి వెలువడిన ప్రసంగములు, దళిత మహాసభ స్థాపన, 1989 నాటి అత్యాచార నిరోధక శాసనము పాఠకులకు తెలిసినవే. 1917లో బెజవాడను కోరిన నీరు 1985లోను కారంచేడున కోరవలసి వచ్చెను. వాక్కు గెలిచినచోట వ్యవహారము ఓడుచునే యున్నది. అందుచేతనే ఆ వాక్కును మఱల పరిశీలింపవలసిన అక్కఱ తీఱలేదు.

ప్రసంగవాఙ్మయమును పరిశోధింపబూను విద్యార్థులు మూడు ప్రశ్నలను ముందుంచుకొనుట మేలని మా తలంపు. పలికినవాడెవడు? అతడు శ్రోత నోట నిలిపిన మాట యేది? ఆ మాట మఱునాడు ఎచ్చట, ఎవని ఎదుట పలుకబడినది? మూడవ ప్రశ్నకు సమాధానము అలంకారగ్రంథములలో దొరకదు. బడి పట్టికలలోను, సభా తీర్మానములలోను, జనాభా లెక్కలలోను వెదుకవలెను. అవియు ఆ ప్రసంగపాఠములోని భాగములే.

కూచిపూడివారి పంచమవేదము అందఱకొఱకు పుట్టినదని శాస్త్రము చెప్పినది. ఆ వాగ్దానమును శాస్త్రము గ్రంథమున వ్రాసియుంచినది. కూచిపూడి దానిని రంగస్థలమున ఆడి చూపినది. దానిని తమదిగా అడిగి తీసికొనుటకు మాత్రము, అదే పేరుతో వెలుపల నిలుపబడినవారు తామే వేదిక నెక్కి తమ పేరును తాము చెప్పుకొనవలసి వచ్చెను.